చీలిన రాయి దగ్గర సిగ్నల్

జనవరి 5, సోమవారం

బోర్డు కొనబోయి బూట్లు మాత్రం కొనుక్కొచ్చాను.

బోర్డులున్న గోడ దగ్గరికి షాపు నడిపే హల్వార్ నన్ను వెళ్ళనివ్వలేదు. ముందు కూర్చో అన్నాడు. నా మేజోళ్ళు చూసి నవ్వాడు. కాటన్ మేజోళ్ళతో కొండెక్కితే మధ్యాహ్నానికి కాళ్ళు ఉడికిన చేపల్లా అవుతాయట. డ్రాయర్లోంచి పల్చటి ఉన్నివి తీసిచ్చాడు. ఇక గంటన్నర సేపు బూట్లే. వేసుకో, బిగించు, లే, మోకాళ్ళు వంచు. మడమ లేస్తోందా? లేస్తే విప్పెయ్. వేళ్ళు ముందు తగిలీ తగలనట్టుండాలి, ముడుచుకోకూడదు. అయిదో జత సరిపోయింది. రంగు మాత్రం ఆవపిండి రంగు. బాగాలేదన్నాను. రంగుతో కొండకి పనిలేదు, మడమతోనే పని అన్నాడు.

బూటు పొడవు తెలియకుండా బోర్డు వెడల్పు చెప్పలేడట. బోర్డు సన్నమైతే బూటు కొన మంచుకి రాసుకుని బొక్కబోర్లా పడతానట. బుధవారం రమ్మన్నాడు.

నిలబడి లేసులు చూసుకుంటుంటే వెనకనుంచి ఒక్క తోపు తోశాడు. ఎడమ కాలు ముందుకు పడింది. సరే, నువ్వు ఎడమ కాలు ముందుపెట్టే మనిషివి, ఇంకెవర్నీ అడక్కు అన్నాడు. చీటీ మీద రాసుకున్నాడు.

ఈ ఊళ్ళో అందరూ స్కీలతో పుడతారు, స్కీలతోనే పోతారు. నాకు నలభై ఆరు. క్రిస్మస్ భోజనాల దగ్గర అక్క బోర్గిల్ అడిగింది, ఈ పదేళ్ళలో నువ్వు కొత్తగా చేసిన పని ఒక్కటి చెప్పవే సున్నివా అని. విడాకులు అన్నాను. అది మీ ఆయన చేసిన పని అంది, గొర్రె పక్కటెముక నములుతూ.

అందుకే స్నోబోర్డు.

జనవరి 7, బుధవారం

ఇంటర్నెట్‌లో నా ఎత్తుకి నూట యాభై ఎనిమిది సెంటీమీటర్ల బోర్డు అని ఉంది. ఇంటర్నెట్ నీ బరువు చూసిందా అన్నాడు హల్వార్. పదేళ్ళ తర్వాత మొదటిసారి ఒక మగవాడికి నా అసలు బరువు చెప్పాను. నూట నలభై తొమ్మిది సెంటీమీటర్ల మెత్తటి బోర్డు తీశాడు. గట్టి బోర్డు బాగా జారడం వచ్చినవాళ్ళకి, మెత్తటిది తప్పులు చేసేవాళ్ళకి. మెత్తటిది క్షమిస్తుందట.

హెల్మెట్, మణికట్లకి గార్డులు. నీ వయసులో మణికట్టు విరిగితే వేసవిదాకా రొట్టెకి వెన్న కూడా రాసుకోలేవు అన్నాడు. తనకి యాభై తొమ్మిది. అదే గుర్తుచేశాను. నేను పడను కదా అన్నాడు.

నేను ఆన్‌లైన్లో తెప్పించుకున్న గ్లవ్స్ చూపించాను, బ్యాటరీతో వేడెక్కేవి. చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు.

నన్ను కెప్టెనమ్మా అంటాడు. కార్లని అవతలి ఒడ్డుకి దాటించే ఫెర్రీలో నేను వాటిని వరసలో నిలబెట్టే మనిషిని. ఎన్నిసార్లు చెప్పినా అంతే. వారం డ్యూటీ, వారం సెలవు. సెలవు వారమంతా కొండ మీదే ఉంటానని మాటిచ్చాను.

జనవరి 8

కూర్చోలేను. పడుకోలేను. వంటగది అలమరకి ఆనుకుని రాస్తున్నాను.

జనవరి 11, ఆదివారం

మడమల మీద ఆగడం వచ్చింది. కొండకి వీపు పెట్టి లోయని చూస్తూ జారడం, ఎండుటాకులా అటూ ఇటూ. బాగుంది. అసలు చిక్కు వేళ్ళ వైపు మలుపు. దానికి లోయకి వీపు తిప్పాలి. కనపడని చోటికి జారాలి. తిప్పబోయే క్షణంలో ఒళ్ళంతా కర్రలా అవుతుంది, పడతాను.

మీ ఫెర్రీ వెనక్కి పోదా అని అడిగాడు హల్వార్. దానికి రెండు వైపులా ముఖమే, వెనకంటూ లేదు అన్నాను.

రేపటి నుంచి డ్యూటీ. ఒళ్ళు నీలం మచ్చలతో మ్యాపులా ఉంది.

జనవరి 24, శనివారం

వేళ్ళ మలుపు రాలేదు.

కానీ ఇవాళ తీగ మీద వేలాడే కుర్చీలో, పై లిఫ్టు చివరిదాకా తీసుకెళ్ళాడు. అక్కడినుంచి ఫెర్రీ దారంతా కనిపిస్తుంది. నేను రోజూ తిరిగే నీళ్ళు అగ్గిపెట్టె అంత ఉన్నాయి. లిఫ్టు పక్కన తాడు కట్టి ఉంటుంది, దాని అవతల లోతైన గాడి, కొండకి కత్తిగాటులా. అటు పోకూడదు. అక్కడి మంచు ఎప్పుడన్నా విరిగిపడిందా అంటే తను ఉండగా చూడలేదన్నాడు. తన నాన్న కూడా చూడలేదట. అయినా తాడు తాడే.

హల్వార్ భార్య పోయి ఆరేళ్ళయింది. జబ్బుతో. వాఫిల్ తింటూ మామూలుగా చెప్పాడు, మధ్యలో జున్ను ముక్క అందిస్తూ. అప్పటినుంచే ఊరి రెస్క్యూ బృందంలో చేరాడట. పై లిఫ్టు ఎక్కాలంటే బుధవారం ట్రైనింగ్ కి రావాలన్నాడు. బీకన్ లేనివాళ్ళతో తను కొండెక్కడు. ఒకటి నాకు అరువిచ్చాడు.

ఫిబ్రవరి 4, బుధవారం

ట్రైనింగ్. ఏడుగురం. కింద చదును మైదానంలో.

బీకన్ కోటు లోపల పట్టీతో కట్టుకుంటాం. మామూలుగా అది సిగ్నల్ పంపుతూ ఉంటుంది. ఎవరన్నా మంచులో కూరుకుపోతే మిగతావాళ్ళు తమది వెతికే వైపు తిప్పుతారు. బాణం వస్తుంది, ఎన్ని మీటర్లో అంకె వస్తుంది. అంకె తగ్గే వైపు నడవడమే. ఇక తగ్గని చోట ప్రోబ్ కర్ర దించాలి. కర్రకి మెత్తగా తగిలితే తవ్వాలి. హల్వార్ ఒక పాత బీకన్‌ని డబ్బాలో పెట్టి ముందే పాతిపెట్టాడు. నాకు నాలుగు నిమిషాలు పట్టింది. పాసయ్యావు, ఆ మనిషి బతికాడు, కోపంగా ఉన్నాడంతే అన్నాడు.

పాతిన బీకన్ ఆపేసి వాళ్ళు కాఫీ పోసుకుంటున్నారు. నాది ఇంకా వెతికే వైపే ఉంది. చేతిలో పట్టుకుని ఊరికే తిరిగాను. బాణం వచ్చింది. మైదానం వైపు కాదు, గాడి కిందకి, బిర్చ్ చెట్ల వైపు. నలభై మూడు.

ఎవరో తమది ఆపకుండా పెట్టుంటారనుకుని నడిచాను. ముప్ఫై. పన్నెండు. ఆరు. మూడు బిర్చ్ చెట్లు, వాటి మధ్య నిలువుగా చీలిన పెద్ద రాయి. ఆ రాయి ముందు 3.1. అంతకన్నా తగ్గలేదు. ఎటు జరిగినా పెరిగింది. ప్రోబ్ దించాను. మీటరు పైన పది సెంటీమీటర్లకి నేల తగిలింది, టక్కుమని.

మూడు మీటర్లంటే నేల కింద.

హల్వార్ దూరంనుంచి కేకేశాడు, కెప్టెనమ్మా, ఎటు పోతున్నావు అని. వెనక్కొచ్చి చెప్పాను. నీ ఎలక గ్లవ్స్ చేసిన పని, బ్యాటరీలుంటే బీకన్‌కి మతి పోతుందన్నాడు. అందరూ నవ్వారు.

ఫిబ్రవరి 5

షాపులో పరీక్ష చేశాడు. బీకన్‌కి ఏ లోపం లేదు.

ఫిబ్రవరి 12, గురువారం

కార్ల డెక్ మీద నిలబడితే గాడి కనపడుతుంది. ఇన్నేళ్ళుగా కనపడుతూనే ఉండుంటుంది, నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు ప్రతి ట్రిప్పులో చూస్తున్నాను. చీలిన రాయి ఈ దూరంనుంచి నల్లటి చుక్క. మన పడవ మధ్యలోకి, అవతలి ఒడ్డు చర్చి గోపురానికి సూటిగా వచ్చినప్పుడు లిఫ్టు నాలుగో స్తంభం సరిగ్గా దాని పైకి వస్తుంది.

ఒక డ్రైవరు హారన్ కొట్టాడు. వరస కదిలించడం మర్చిపోయానట.

ఫిబ్రవరి 18, బుధవారం

ట్రైనింగ్ అయ్యాక హల్వార్‌ని అడిగాను, ఒక్కసారి నాతో రమ్మని. గ్లవ్స్ విప్పేశాను. ఫోన్లు కార్లో పెట్టాం. మిగతావాళ్ళు వెళ్ళిపోయారు. ఇద్దరమే.

నా బీకన్‌లో బాణం వచ్చింది. అతనిదాంట్లో ఏమీ లేదు. రెండూ పక్కపక్కనే పట్టుకున్నాం. నాది పందొమ్మిది, అతనిది ఖాళీ. చూశావా, నీదే పాడైంది అన్నాడు. మార్చుకుందాం అన్నాను. మార్చుకున్నాం.

నాది అతని చేతిలోకి వెళ్ళగానే ఖాళీ అయింది. అతనిది నా చేతిలో పందొమ్మిది చూపించింది.

హల్వార్ రెండింటినీ తిప్పి తిప్పి చూశాడు. మళ్ళీ మార్చాడు. మళ్ళీ అంతే. రాయి దాకా నడిచాం. 2.4.

పోయినసారి 3.1 కదా అన్నాడు. అవునన్నాను.

ఇద్దరం తవ్వాం. మంచు మీటరు ముప్ఫై. అడుగున గడ్డకట్టిన నాచు, పోయినేటి ఎండు బెర్రీలు. నేను గుంటలోకి దిగి బీకన్ నేల మీద పెట్టాను. 1.1. హల్వార్ మోకాళ్ళ మీద కూర్చుని నేలని పిడికిలితో కొట్టాడు. రాయిలా ఉంది. ఎన్నేళ్ళుగానో ఎవరూ కదపని నేల.

"ఇక్కడేం లేదు సున్నివా. ఇనుప ఖనిజం ఏదో ఉండుంటుంది. పద, కాఫీ చల్లారిపోతోంది."

నన్ను పేరుపెట్టి పిలవడం ఇదే మొదటిసారి. గుంట పూడ్చేశాం. ట్రైనింగ్ వాళ్ళకి చెప్పకు, లేనిపోని భయాలు అన్నాడు. కార్లో హీటర్ వేసుకుని చాలాసేపు కూర్చున్నాం. కాఫీ నిజంగానే చల్లారింది. ఎవరం తాగలేదు.

ఫిబ్రవరి 27, శుక్రవారం

లిఫ్టు నడిపే యోస్టెయిన్ ఇవాళ ఫెర్రీ ఎక్కాడు. ఈ కొండ మీద ఎవరన్నా తప్పిపోయారా, దొరకనివాళ్ళెవరన్నా ఉన్నారా అని అడిగాను. ఆలోచించాడు. ఒక గొర్రె అన్నాడు. తొంభై ఎనిమిదిలో. అదీ దొరికింది.

అక్కకి ఫోన్‌లో చెప్పాను. కొత్త పని చెయ్యమన్నాను గానీ పిచ్చెక్కించుకోమనలేదే అంది. ఆదివారం భోజనానికి రమ్మంది. డ్యూటీ అని చెప్పాను.

మార్చి 4, బుధవారం

ట్రైనింగ్ లేదు, హల్వార్ సరుకు తేవడానికి పట్నం వెళ్ళాడు. నేను ఒక్కదాన్నే వెళ్ళాను. వెళ్ళకూడదనే అనుకున్నాను.

బాణం మైదానం చేరకముందే వచ్చింది.

1.7.

ప్రోబ్‌తో మంచు లోతు చూశాను. మీటరు అరవై. అంటే అది నేల పైకి దాదాపు వచ్చేసింది.

కదలకుండా నిలబడ్డాను. అంకె కదిలింది. 1.7. 1.6. 1.7. 1.6. బీకన్‌ని రాయి మీద పెట్టాను, నా చెయ్యి వణుకుతోందేమోనని. రాయి మీద కూడా అంతే. నిదానంగా, ఒక లయలో. ఎంతసేపు చూశానో తెలియదు. తర్వాత నేనూ అదే లయలో ఊపిరి తీస్తున్నానని తెలిసింది.

పార చేతిలోనే ఉంది. తవ్వలేదు. బోర్డు చంకన పెట్టుకుని పరుగెత్తాను.

మార్చి 6, శుక్రవారం

బీకన్ తీసుకెళ్ళి షాపు బల్ల మీద పెట్టాను. ఇక వద్దన్నాను. ఎందుకో చెప్పలేదు. అతను అడగలేదు. దాన్ని మళ్ళీ నా చేతిలో పెట్టాడు.

"భయమైతే కొండ మానెయ్. బీకన్ మానకు."

రెండూ మానలేదు.

మార్చి 17, మంగళవారం

రెండు రోజులుగా గాలి, మంచు. లిఫ్టులు మూసేశారు. ఇంట్లోనే ఉన్నాను. బూట్లని బోర్డుకి పట్టి ఉంచే బైండింగుల స్క్రూలు బిగించాను. బూట్లు పొయ్యికి దూరంగా ఆరబెట్టాను, దగ్గర పెడితే జిగురు ఊడుతుందని హల్వార్ చెప్పాడు. బీకన్‌లో కొత్త బ్యాటరీలు వేశాను. ఆన్ చేసి చూడలేదు.

మార్చి 19, గురువారం, సాయంత్రం ఆరు

ఇప్పుడే రాసేస్తాను. రేపటికి వేరేలా గుర్తుంటుందేమోనని భయం.

ఎండ కాసింది. పదకొండుకి పై లిఫ్టు తెరిచారు. హల్వార్, నేను రెండుసార్లు దిగాం. మూడోసారి పైకి చేరేసరికి ఎవరో ఇద్దరు బయటివాళ్ళు స్కీల మీద తాడు కిందనుంచి దూరి గాడి మీదుగా పోతున్నారు. హల్వార్ బూతులు తిట్టాడు. నన్ను అక్కడే ఉండమని వాళ్ళని పిలవడానికి గాడి అంచు వెంబడి పోయాడు. వాళ్ళు అప్పటికే అవతలి గట్టెక్కేశారు. అతను వెనక్కి తిరిగాడు. నా వైపు చెయ్యి ఊపాడు, వస్తున్నానని.

పెద్ద ఇంట్లో ఎక్కడో తలుపు మూసిన చప్పుడు. అంతే. అతని పైన మంచులో ఒక గీత పరుగెత్తింది. బల్ల మీద గుడ్డ లాగినట్టు కొండ మొత్తం కదిలింది. అతను ఉన్నాడు, తర్వాత లేడు. తెల్లటి పొగ ఒక్కటే కిందకి పోతోంది.

పన్నెండూ నలభై. గడియారం చూశాను. చూడాలని ట్రైనింగ్‌లో నేర్పారు.

యోస్టెయిన్ గుడిసెలోంచి చూశాడు, రేడియోలో అరుస్తున్నాడు. పైన ఇంకా విరగని మంచు పలక వేలాడుతోంది. తెలుసు. సాయం వచ్చేదాకా ఆగాలి, అదీ నేర్పారు. నేను దూకేశాను. ఆ వాలులో దిగడం నా వల్ల కాదు, లోయకి వీపు తిప్పకుండా దిగలేరు అక్కడ. దిగాను. ఎలా తిప్పానో, ఎన్నిసార్లు తిప్పానో నాకు తెలియదు. ఒక్కసారీ పడలేదు.

కింద మంచు రెండు ఫుట్‌బాల్ మైదానాలంత పరుచుకుంది. ఫ్రిజ్ అంతేసి గడ్డలు. మనిషి జాడ లేదు, గ్లవ్ లేదు, బోర్డు లేదు. బిర్చ్ చెట్లు లేవు. రాయి లేదు.

బీకన్ తిప్పలేదు. అసలు అది నా ఒంటి మీద ఉన్న సంగతే తట్టలేదు. లిఫ్టు నాలుగో స్తంభం వైపు చూశాను. తర్వాత ఫ్యోర్డ్ పాయ అవతలి ఒడ్డున చర్చి గోపురం. నా వెనక స్తంభం, నా ముందు గోపురం ఒక గీత మీదకి వచ్చేదాకా గడ్డల మీద పాకాను. సముద్రం మీద చోటు గుర్తుపెట్టుకునేది ఇలాగే. ఆ గీత మీద నడుస్తూ ఒకచోట ఆగాను. ఎందుకాగానంటే చెప్పలేను. కాళ్ళకి ఆ చోటు తెలుసు.

ప్రోబ్ దించాను. ఒకసారి గట్టిగా తగిలింది, రాయి. జానెడు జరిగి దించాను, ఖాళీ. మూడోసారి మెత్తగా తగిలింది. డబ్బా మెత్తదనం కాదు.

అప్పుడు తిప్పాను బీకన్. 1.2.

వాలు కిందివైపునుంచి తవ్వాను. పార తప్ప ప్రపంచంలో ఏమీ లేదు. యోస్టెయిన్ వచ్చి పక్కన తవ్వడం మొదలెట్టినప్పుడు కూడా ఎవరని చూడలేదు. హెల్మెట్ కనపడింది. ముఖం చుట్టూ మంచు గాజులా గడ్డకట్టింది. పెదాలు నీలం. నోట్లో మంచు వేలితో తీశాను. ఏమీ లేదు. ఏమీ లేదు. తర్వాత ఊపిరి తీశాడు, పాత తలుపు కిర్రుమన్నట్టు.

పదమూడు నిమిషాలు అన్నాడు యోస్టెయిన్.

హెలికాప్టర్ వచ్చింది. రెస్క్యూ బృందం నాయకురాలు నన్ను కూర్చోబెట్టి అడిగింది, బీకన్ లేకుండా సరిగ్గా అక్కడే ఎలా మొదలెట్టావని. అదృష్టం అన్నాను. రాసుకుంది. నా ముఖంలోకి కాసేపు చూసి, రాసిన ఆ మాట కొట్టేసింది.

మార్చి 20

బతికాడు. పక్కటెముకలు నాలుగు విరిగాయి, భుజం కూడా. ఇంతే తెలుసు.

మార్చి 22, ఆదివారం

ఆసుపత్రికి వెళ్ళాను. కిటికీ పక్క మంచం. గడ్డం పెరిగింది, ముసలివాడిలా ఉన్నాడు. ద్రాక్షపళ్ళు తీసుకెళ్ళాను. డాక్టరమ్మ వరండాలోనే చెప్పింది, అంత లోతులో గాభరాపడినవాళ్ళు గాలి మొత్తం అయిదు నిమిషాల్లో తాగేస్తారట. ఈయన నిద్రపోయేవాడిలా నిదానంగా పీల్చాడు, ఎలాగో అంది.

లోపలికెళ్ళి పలకరించాను. ట్రైనింగ్ ఇచ్చేవాడివి నువ్వే పాసయ్యావు అన్నాను. నవ్వలేదు.

మంచు కిందున్నవాళ్ళకి పైవాళ్ళ మాటలు వినపడతాయి, పైవాళ్ళకే కిందివాళ్ళ కేకలు వినపడవు. ఇది అతనే ట్రైనింగ్‌లో చెప్పేవాడు. అది నిజమే అన్నాడు ఇవాళ. ఎంతసేపున్నానని చెప్పారు అని అడిగాడు. పదమూడు నిమిషాలన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"కాదు. నువ్వు వచ్చి వెళ్ళిపోయావు కదా. ఎన్నిసార్లు వచ్చావో."

అతను పైకప్పు చూస్తూ చెప్పాడు. మొదటిసారి నా అడుగులు వినపడ్డాయట, చాలా పైన. ప్రోబ్ దిగిన చప్పుడు. దూరంనుంచి ఎవరో కేకేశారు. అడుగులు వెళ్ళిపోయాయి. తర్వాత చాలాకాలం, రోజులని అన్నాడు, ఏమీ లేదు. రెండోసారి నాతో ఇంకొకడు వచ్చాడట. ఇద్దరూ తవ్వారు. పార తన ముఖం మీదకే వస్తున్నట్టుందట. అరిచాడట, నోట్లో మంచుతోనే. ఆ ఇంకొకడు తన నెత్తి మీద పిడికిలితో కొట్టి, ఇక్కడేం లేదు, పద అన్నాడట.

"ఆ గొంతు ఎవరిదో నీకు తెలుసు."

తెలుసన్నాను.

"వాడిని చంపేద్దామనిపించింది సున్నివా."

నేను ద్రాక్షపళ్ళ సంచీ మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాను. మూడోసారి నువ్వొక్కదానివే వచ్చి పరుగెత్తి పారిపోయావు అన్నాడు. కోపం లేకుండానే అన్నాడు. అడుగులు వెళ్ళిపోవడం ఒక్కటే తట్టుకోలేకపోయానన్నాడు. మంచు బరువు కాదట, చీకటి కాదట.

క్షమించమన్నాను.

దానికి అతను ఆశ్చర్యపోయాడు. క్షమించడమేంటి, నాలుగోసారి వచ్చావు కదా అన్నాడు. తవ్వలేదట. పైన మోకాళ్ళ మీద కూర్చున్నట్టు మంచు కిర్రుమందట. తన పేరు పిలిచానట. పదమూడు అన్నానట. ఇంకేవో మాటలు, అర్థం కాలేదట. కానీ ఆ తర్వాత నా అడుగులు వెళ్ళిపోలేదట. నేను అక్కడే ఉన్నాననుకుని నిదానంగా ఊపిరి తీసుకుంటూ పడుకున్నాడట. కాసేపటికి పార చప్పుడు.

నర్సు మందులు తెచ్చింది. బయటికి పొమ్మంది.

నేను మూడుసార్లే వెళ్ళాను.

మార్చి 26, గురువారం

డ్యూటీ. గాడి మీద కొత్త మంచు పడింది, ఏమీ జరగనట్టుంది.

మూడుసార్లే. పాత పేజీలు తిప్పి చూశాను. ఫిబ్రవరి నాలుగు, ఫిబ్రవరి పద్దెనిమిది, మార్చి నాలుగు. పందొమ్మిదిన నేను అతని పేరు పిలవలేదు. పదమూడు అనే అంకె నాకు అప్పటికి తెలియదు, తవ్వడం అయ్యాక యోస్టెయిన్ చెప్పాడు.

దెబ్బ తిన్న బుర్ర ఏవేవో కల్పించుకుంటుంది అంది అక్క, ఫోన్‌లో. అయ్యుండొచ్చు. కానీ గుంట తవ్వినప్పుడు మేమిద్దరమే ఉన్నాం, అది అతనికి మామూలుగానే తెలుసు. మార్చి నాలుగున నేను పరుగెత్తిన సంగతి ఈ నోటుబుక్కుకి తప్ప ఎవరికీ తెలియదు.

ఇంకోటి అడగాలనిపించింది ఆమెని, అడగలేదు. ఆ నాలుగోసారి నేను వెళ్ళకపోతే ఏమవుతుంది అని. అతను ఆసుపత్రిలో ఉన్నాడు, సూప్ తాగుతున్నాడు, నర్సులతో వాదిస్తున్నాడు. అయిపోయింది కదా. అయిపోయినదానికి నేను వెళ్ళినా ఒకటే, వెళ్ళకపోయినా ఒకటే.

ఈ వాక్యం రాసి మూడుసార్లు చదువుకున్నాను. నమ్మకం కుదరలేదు.

మార్చి 31, మంగళవారం

హల్వార్ ఫోన్ చేశాడు. ఇంటికొచ్చాడట, ఎడమ చేత్తో షాపు తెరిచాడట. బోర్డుకి వ్యాక్స్ వేసుకున్నావా, వసంతపు మంచు తడిగా ఉంటుంది, అతుక్కుంటుంది అన్నాడు. ఆ విషయం ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పెట్టేసే ముందు, ఎప్పుడు వెళ్తున్నావు అని అడిగాడు.

శుక్రవారం అన్నాను.

ఏప్రిల్ 3, గుడ్ ఫ్రైడే

కొండ నిండా సెలవు జనం. రాయి మంచులోంచి తల బయటపెట్టింది. దాని మీద ఎవరివో నారింజ తొక్కలు.

బోర్డు విప్పి మోకాళ్ళ మీద కూర్చున్నాను. బీకన్ తిప్పలేదు. హల్వార్ అని పిలిచాను. పదమూడు నిమిషాలే, నిదానంగా పీల్చు, వస్తున్నాను అన్నాను. మంచుకి నోరు దగ్గరపెట్టి రెండుసార్లు చెప్పాను.

లిఫ్టులు ఆగిపోయాయి. అందరూ దిగిపోయారు. ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. లేవాలి, కాళ్ళు తిమ్మిరెక్కాయి. లేస్తే అడుగుల చప్పుడు కిందకి వినపడుతుంది.